అరకు ఒక్కరోజు యాత్ర – కాయితాల మీద చూసిన కొండలు

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మొన్న నవంబరు నెలాఖరులో మన సంఘం తరఫున ముప్పై ఎనిమిది మందిమి అరకు వెళ్ళి వచ్చిన సంగతి మీకందరికీ తెలుసు. రాలేకపోయినవారికి ఆ విశేషాలు చెప్పమని కార్యదర్శి గారు నన్ను ఆదేశించారు. ముప్పై అయిదేళ్ళు ఎవరో చెప్పింది రాయడమే తప్ప నా అంతట నేను మాట్లాడి ఎరగను. అందుచేత కాయితం మీద రాసుకుని వచ్చాను. తప్పులుంటే మన్నించాలి.

వెళ్ళేటప్పుడు రైలు, వచ్చేటప్పుడు బస్సు. పర్యాటక సంస్థ వారు ఏళ్ళ తరబడి నడిపిన పద్ధతే మనమూ అనుసరించాం. కిరండూల్ పాసింజరు విశాఖపట్నం స్టేషన్లో ఉదయం ఏడు లోపే బయలుదేరుతుంది. ఆ వేళకు స్టేషను చేరాలంటే మనవాళ్ళు చాలామంది నాలుగింటికే లేచారు. నాలుగింటికి లేవడం మనకు కొత్తేమీ కాదు, నిద్రపట్టకే లేస్తాం కదా! 2017లో ఈ రైలుకు అద్దాల పెట్టె ఒకటి తగిలించారు. మనం మాత్రం మామూలు పెట్టెలోనే కూర్చున్నాం. కిటికీలు తెరుచుకుంటాయి, గాలి తగులుతుంది, ఖర్చూ తక్కువ.

కొత్తవలస, శృంగవరపుకోట, బొడ్డవర దాటేదాకా అంతా మైదానమే. బొడ్డవర దాటాక రైలు కొండ ఎక్కడం మొదలుపెట్టింది. ఒక పక్క కొండ గోడ, ఇంకో పక్క లోయ. సొరంగం వచ్చినప్పుడల్లా పిల్లల కంటె మనవాళ్ళే ఎక్కువ కేకలు వేశారు. ఈ మార్గంలో 58 సొరంగాలని గైడు చెప్పాడు. మా పెట్టెలో ట్రెజరీలో పనిచేసిన మిత్రులొకరు, ఆడిట్‌లో పనిచేసిన మిత్రులొకరు చెరో కాయితం పెట్టుకుని లెక్క వేశారు. అరకు చేరేసరికి ఇద్దరి లెక్కా కుదరలేదు. రీకన్సిలియేషన్ ఇంకా పూర్తి కాలేదని తెలిసింది.

ఈ లైను మన షికారు కోసం వేసింది కాదు. బైలదిల్లా కొండల్లో ఇనుప ఖనిజం ఉంది. దాన్ని విశాఖ రేవుకు తెచ్చి జపాను పంపడానికి, ఆ దేశపు సహకారంతో 1960వ దశకంలో వేశారు. ఇప్పటికీ ఖనిజం బళ్ళు ఎదురుపడుతూనే ఉంటాయి, ఒక్కోసారి వాటి కోసం మన రైలు ఆగి దారి ఇస్తుంది కూడా. సిమిలిగుడ స్టేషను ఎత్తు 996 మీటర్ల పైచిలుకు. ఒకప్పుడు బ్రాడ్‌గేజి స్టేషన్లలో దేశం మొత్తానికి ఇదే ఎత్తయినదని పేరు. కాశ్మీరులో రైలు వచ్చాక ఆ పేరు అక్కడికి వెళ్ళిపోయింది.

ఇంతవరకు అందరూ చెప్పేదే చెప్పాను. ఇక నా సంగతి ఒకటి మనవి చేయాలి. శివలింగపురం, టైడా, చిమిడిపల్లి, బొర్రా, కరకవలస అని స్టేషను బోర్డులు ఒక్కొక్కటీ వస్తూ ఉంటే, మా ఇంటావిడ “ఏమిటండీ, ఏదో చదువుకుంటున్నారు?” అని అడిగింది. ఆ పేర్లు నేను వందలసార్లు రాశాను. సర్వీసులో ఆరేళ్ళపాటు ఒక రెవెన్యూ కార్యాలయంలో ఏజెన్సీ భూముల కేసుల సీటు నాది. గ్రామం పేరు, సర్వే నెంబరు, విస్తీర్ణం, వాది, ప్రతివాది, ఇవన్నీ నా చేతి మీదుగా వెళ్ళేవి. ఆ ఆరేళ్ళలో ఒక్కసారి కూడా కొండ ఎక్కలేదు. ఎక్కాల్సిన పని పడలేదు. ఊళ్ళు నా దగ్గరకు ఫైళ్ళుగా వచ్చేవి, ఫైళ్ళుగానే వెళ్ళేవి. డెబ్బై దాటాక, రైలు కిటికీ లోంచి, వాటిని ఊళ్ళుగా మొదటిసారి చూశాను.

అరకులో దిగేసరికి చలి. మన గైడు ఆ ప్రాంతపు కుర్రవాడే, బగత తెగకు చెందినవాడు. డిగ్రీ చదివాడు. మమ్మల్ని మొదట గిరిజన మ్యూజియానికి తీసుకువెళ్ళాడు. మట్టి ఇళ్ళు, వేట సామాను, నగలు, పెళ్ళి తంతు, సంత, అన్నీ బొమ్మలుగా పెట్టారు. బగతలు, వాల్మీకులు, కొండదొరలు, కోటియాలు, పోర్జాలు, గదబలు అంటూ ఈ కొండల్లో ఎన్ని తెగలున్నాయో అక్కడ తెలుస్తుంది. మన కాయితాల్లో వాళ్ళందరికీ “ఎస్.టి.” అని రెండక్షరాలే ఉండేవి. పద్మాపురం తోట రెండో ప్రపంచ యుద్ధకాలంలో సైనికులకు కూరగాయలు పండించడానికి వేసినదట. ఇప్పుడు గులాబీలు, చెట్ల మీద కట్టిన ఇళ్ళు, పిల్లల రైలు ఉన్నాయి. మనలో ముగ్గురు పెద్దలు ఆ పిల్లల రైలు కూడా ఎక్కారు. పేర్లు చెప్పను.

భోజనాల తరవాత థింసా నాట్యం. ఆడవాళ్ళు ఒకరి వెనక ఒకరు నడుముల చుట్టూ చేతులు వేసి గొలుసులాగా కదులుతారు, మగవాళ్ళు డప్పులు, తుడుములు, సన్నాయి వాయిస్తారు. పండగలకు, పెళ్ళిళ్ళకు ఊరంతా కలిసి ఆడే ఆట ఇది. మా కోసం ఆడినది చిన్న ముక్క. చివర మన సోదరీమణులు కూడా వెళ్ళి గొలుసులో కలిశారు. మోకాళ్ళ నొప్పులతో ఆరు నెలలుగా మందులు వాడుతున్న ఒకావిడ ఒక చుట్టు పూర్తిగా తిరిగి వచ్చారు. మర్నాటి సంగతి నేను విచారించలేదు.

అక్కడి నుంచి బస్సు. దారిపొడుగునా పొలాల్లో వలిసె పువ్వులు, కొండవాలంతా పసుపు ఆరబోసినట్టుంది. నవంబరు, డిసెంబరుల్లో వెళ్ళినవారికే ఈ దృశ్యం. అనంతగిరి దారిలో కాఫీ తోటల దగ్గర ఆగాం. సిల్వర్ ఓక్ చెట్లు ఎత్తుగా నీడకు, వాటికి అల్లుకుని మిరియాల తీగ, కింద కాఫీ మొక్క. ఒకే చోట మూడు ఆదాయాలు. ఎర్రగా పండిన కాయల్ని ఒక్కొక్కటిగా చేత్తో ఏరుతున్నారు. పచ్చివి వదిలేసి పండినవే కోయాలి కనక ఒకే మొక్క దగ్గరకు మూడు నాలుగు సార్లు రావాలట. అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పేరు ఇప్పుడు పారిస్ దాకా వెళ్ళింది. గాలికొండ దగ్గర నిలబడి చూస్తే వరసలు వరసలుగా కొండలు, వాటి నడుమ మంచు. ఆ చలిలో ఒక గ్లాసు కాఫీ తాగితే ఎలా ఉంటుందో వెళ్ళి తాగితేనే తెలుస్తుంది.

చివర బొర్రా గుహలు. మెట్లు చాలా ఉన్నాయి కనక మా ఇంటావిడ, మరో పదిమంది పైనే ఉండిపోయారు. నేను సగం దాకా దిగాను. లోపల పెద్ద కల్యాణ మంటపమంత చోటు, పైకప్పు చీకట్లో కలిసిపోయింది. వాన నీరు మట్టిలోని బొగ్గుపులుసు గాలిని కలుపుకుని సున్నపురాయిని కొంచెం కొంచెంగా కరిగిస్తుంది. ఆ నీరు చుక్కగా జారినచోట సున్నం పేరుకుని పైనుంచి ఊడల్లాగా, కిందనుంచి పుట్టల్లాగా పెరుగుతుంది. మనిషి జీవితకాలంలో పెరిగేది చాలా కొద్ది. గైడు దీపం వేసి శివుడు, పార్వతి, మొసలి, తల్లీబిడ్డ అని చూపించాడు. మన కళ్ళకు ఏది కావాలంటే అది కనిపిస్తుంది.

అడుగున నీటి చప్పుడు వినిపించింది. అది గోస్తనీ నది. ఈ కొండల్లోనే పుట్టి భీమునిపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. మధ్యలో తాటిపూడి దగ్గర దానికి ఆనకట్ట కట్టారు. విశాఖపట్నం కుళాయిల్లోకి వచ్చే మంచినీళ్ళలో తాటిపూడి నీళ్ళున్నాయి. అంటే మనం ఏళ్ళ తరబడి కాఫీ కాచుకున్న నీళ్ళు ఈ కొండల నుంచి వచ్చినవే. 1955లో మాచ్‌ఖండ్ విద్యుత్తు మొదలైంది, అదీ ఈ కొండల వెనక నుంచే. నీళ్ళు కిందికి దిగాయి, కరెంటు దిగింది, ఖనిజం దిగింది.

పైకి ఎక్కి వచ్చి బెంచీ మీద ఆయాసం తీర్చుకుంటూ ఉంటే గైడు కుర్రవాడు పక్కన కూర్చున్నాడు. “తాతగారూ, మీరేం ఉద్యోగం చేశారు?” అన్నాడు. రెవెన్యూలో గుమాస్తాను అన్నాను. “అయితే మీకు వన్ సెవెంటీ తెలుసు” అన్నాడు వెంటనే. వాళ్ళకు ఆ నెంబరు పిల్లప్పటి నుంచి తెలుసు.

చాలామందికి తెలియకపోవచ్చు కనక రెండు ముక్కలు చెబుతాను. ఏజెన్సీ ప్రాంతంలో గిరిజనుడి భూమి గిరిజనేతరుడి చేతికి పోకుండా 1959లో ఒక రెగ్యులేషన్ చేశారు. 1970లో మొదటి నెంబరు రెగ్యులేషన్‌తో దాన్ని సవరించి గట్టిపరిచారు. అదే 1/70. దాని ప్రకారం ఏజెన్సీలో గిరిజనేతరుడు తన భూమిని ఇంకో గిరిజనేతరుడికి కూడా అమ్మకూడదు, గిరిజనుడికో, గిరిజనుల సహకార సంఘానికో అమ్మాలి. గిరిజనేతరుడి స్వాధీనంలో భూమి ఉంటే, అది గిరిజనుడి దగ్గర నుంచి వచ్చిందనే చట్టం మొదట అనుకుంటుంది. కాదని రుజువు చేసుకునే బరువు ఆ గిరిజనేతరుడి మీదే. మామూలుగా రుజువు బరువు ఎవరి మీద ఉంటుందో మనకు తెలుసు. ఇక్కడ దాన్ని తిరగేశారు.

ఇక మనం కూర్చున్న ఆ బొర్రా పంచాయతీ సంగతి. అక్కడి భూముల్లో గనుల తవ్వకానికి ప్రైవేటు వారికి లీజులు ఇచ్చారు. సమత అనే స్వచ్ఛంద సంస్థ కోర్టుకు వెళ్ళింది. హైకోర్టులో ఓడిపోయి సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 1997 జూలై 11న ముగ్గురు న్యాయమూర్తుల్లో ఇద్దరి మెజారిటీతో తీర్పు వచ్చింది. రెగ్యులేషన్‌లో “వ్యక్తి” అనే మాట ఉంది. ఆ మాటలోకి ప్రభుత్వం కూడా వస్తుందని కోర్టు చెప్పింది. అంటే షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వం కూడా తన భూమిని గిరిజనేతరులకు గనుల కోసం లీజుకివ్వకూడదు. ఒక్క మాటకు అర్థం తేల్చడం మీద అన్ని ఊళ్ళ భవిష్యత్తు ఆధారపడింది. గుమాస్తాలం మనకు ఇది బాగా అర్థమవుతుంది. ఒక మాట ఎటు తిప్పితే ఫైలు ఎటు పోతుందో మనకు తెలియనిది కాదు.

కుర్రవాడు ఇదంతా నాకంటె బాగా చెప్పాడు. తరవాత మామూలుగా అన్నాడు, “మా తాత కూడా భూమి కేసుకి కిందికి వచ్చేవాడట తాతగారూ. రైల్లో వెళ్ళి రెండు రాత్రుళ్ళు స్టేషన్లో పడుకునేవాడట.” రెండు రాత్రులు ఎందుకు అని అడిగాను. “రైలు రాత్రికి గాని వైజాగు చేరదు. ఆఫీసు మర్నాడు పదిన్నరకి. తిరుగు రైలు అప్పటికే వెళ్ళిపోతుంది, మళ్ళీ ఆ మర్నాడు పొద్దున్నే” అన్నాడు.

మిత్రులారా, ఈ టైంటేబులు నాకు ఆ రోజు దాకా తట్టలేదు.

1983 నాటి మాట. ఒక పెద్దాయన నా సీటు దగ్గరకు వచ్చేవాడు. ఆయన భూమి ఆయనకు తిరిగి ఇప్పించమని ఉత్తర్వు అయింది. దాన్ని అమలుకు తాలూకా ఆఫీసుకు పంపాలి. సర్వే నెంబరు సబ్‌డివిజను వివరం ఒకటి రావాలని కింది ఆఫీసుకు ఒక రిమైండరు పెట్టి ఫైలు బీరువాలో పడేశాను. నాకు ఆయన మీద కోపం లేదు. అవతలివాళ్ళ దగ్గర డబ్బు తీసుకోలేదు. పని ఎక్కువ, అంతే. ఆయన వచ్చి “బాబూ, నా కాయితం ఎందాకా వచ్చింది?” అని అడిగేవాడు. ఆయనకు నా తండ్రి వయస్సు. నేను తల ఎత్తకుండా “వచ్చే వారం రా” అనేవాణ్ణి. అవును, ఏకవచనమే. ఒకసారి పసుపుకొమ్ములు మూట కట్టి తెచ్చాడు. తీసుకుని ఇంటికి పట్టుకెళ్ళాను. నాలుగుసార్లు వచ్చాడు. అయిదోసారి రాలేదు. పది నెలల తరవాత తనిఖీ వస్తుందని తెలిసి బీరువా సర్దుతుంటే ఆ ఫైలు బయటపడింది, ఆ రోజే పంపేశాను. పర్సనల్ రిజిస్టరులో ఎర్రసిరాతో కొట్టేసి ముగించాను. ఈలోగా రెండు పంటలు అవతలివాడే కోసుకుని ఉంటాడు.

నా “వచ్చే వారం రా” అన్న మాట ఖరీదు ఒక్కొక్కటీ రెండు రాత్రుల ప్లాట్‌ఫారం, మూడు రోజుల కూలి. నలభై ఏళ్ళ తరవాత, ఆ ఊళ్ళ మీదుగా అదే రైల్లో వెళ్ళాక గాని నాకు ఆ లెక్క తెలియలేదు.

మీ తాతగారిది ఏ ఊరు బాబూ అని అడిగాను. వేరే ఊరు చెప్పాడు. ఆయన కాదు. అయినా ఆ జవాబు వచ్చేదాకా నా గుండె ఎలా కొట్టుకుందో చెప్పలేను. కుర్రవాడికి ఏమీ చెప్పలేదు. చెప్పే ధైర్యం లేకపోయింది. అందుకే మీ ముందు చెబుతున్నాను.

ఈ రోజు పెన్షనర్ల దినోత్సవం. 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును తలుచుకుని ప్రతి ఏటా ఇలా కలుస్తున్నాం. పెన్షను ఎవరో దయతలచి ఇచ్చేది కాదు, అది మన హక్కు అని ఆ తీర్పు చెప్పింది. అయినా హక్కు వేరు, కాయితం కదలడం వేరు. నా సొంత బకాయిల కోసం ఒక ఆఫీసు చుట్టూ ఏడాదిపాటు తిరిగాను. ఒక కుర్ర గుమాస్తా తల ఎత్తకుండా “వచ్చే వారం రండి” అనేవాడు. ఆయన కనీసం “రండి” అన్నాడు. మనకు నకారా తీర్పు ఎలాగో, ఆ కొండవాళ్ళకు సమత తీర్పు అలాగ. తీర్పులు రెండూ గొప్పవే. వాటిని ఊరిదాకా చేర్చేది మాత్రం ఎవరో ఒక సీటులో కూర్చున్న గుమాస్తా.

అందుచేత కార్యవర్గం వారికి ఒక ప్రతిపాదన. 2006 అటవీ హక్కుల చట్టం కింద పోడు భూములకు హక్కుపత్రాలు ఇస్తారు. గ్రామసభ తీర్మానం కావాలి, సబ్ డివిజను కమిటీకి, తరవాత జిల్లా కమిటీకి వెళ్ళాలి. పత్రం వచ్చినవాటిలో పేరు తప్పు, విస్తీర్ణం తప్పు ఉన్నవాళ్ళు తన ఊళ్ళోనే ఉన్నారని ఆ కుర్రవాడు చెప్పాడు. 2022లో పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడింది కనక ఇప్పుడు విశాఖ దాకా రానక్కరలేదు. కాని అర్జీ రాయడం రావాలి కదా. అది మనకు వచ్చు. మనకు బాగా వచ్చిన పని బహుశా అదొక్కటే. వచ్చే ఏడాది యాత్రను ఒక్కరోజు కాక రెండు రోజులు వేద్దాం. ఒక రోజు చూడ్డానికి, ఇంకో రోజు సంత దగ్గర ఒక బల్ల వేసుకుని అడిగినవారికి అర్జీలు రాసిపెట్టడానికి. ఖర్చు కాయితాలు, కలాలు మాత్రమే. గైడు ఫోను నెంబరు నా దగ్గర ఉంది. నా పేరు మొదట రాసుకోండి.

ఇక వెళ్ళదలచినవారికి నాలుగు ముక్కలు. స్వెట్టరు, మఫ్లరు మరవకండి, మధ్యాహ్నం ఎండ చూసి మోసపోవద్దు. ఘాట్ రోడ్డు మలుపులకు కడుపులో తిప్పుతుంది కనక దిగేటప్పుడు తేలిగ్గా తినండి, అల్లం మురబ్బా దగ్గర ఉంచుకోండి. రోజూ వేసుకునే బిళ్ళలు చేతిసంచీలోనే పెట్టుకోండి, బస్సు డిక్కీలో కాదు. గుండె జబ్బు, మోకాళ్ళ నొప్పి ఉన్నవారు బొర్రాలో మొదటి చదును దాకా దిగి ఆగిపోవచ్చు, అక్కడి నుంచి కూడా బాగానే కనిపిస్తుంది. కాఫీపొడి, మిరియాలు, పసుపు అక్కడి మనుషుల చేతుల నుంచే కొనండి. బేరం ఆడకండి. ఈ మాట నా పసుపుకొమ్ములు గుర్తుకొచ్చి చెబుతున్నాను.

 ఇచ్చిన సమయం కంటె ఎక్కువే తీసుకున్నాను. ఇన్నేళ్ళూ ఇతరుల సమయం తీసుకున్నవాణ్ణి, అలవాటు తప్పలేదు.

సెలవు. నమస్కారం.